అయిదు వేళ్ల ఫోటో

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో, రాని రైలు కోసం కూర్చుని విసిగిపోయి ఉన్నాను. పక్కనున్న పెద్దావిడ తన ఫోన్ చూపించింది. ఆమె భర్త పసివాణ్ణి ఎత్తుకున్న ఫోటో. వెలుగు తాత మీద ఒకవైపు నుంచి, పిల్లాడి మీద ఇంకోవైపు నుంచి పడుతోంది. వాట్సాప్‌లో వచ్చే ప్రతి దొంగ ఫోటోనూ పట్టుకునే పాడు అలవాటు నాది.

"ఇది ఫోన్‌లో తయారుచేసిన ఫోటో అమ్మా," అనేశాను.

"నాకెర్కనే బిడ్డా. ఆయన పోయినంకనే మనుమడు పుట్టిండు. అల్లుడు చేసి పంపిండు." ఆమె ఫోటోలో ఆయన కుడిచేతిని పెద్దది చేసి చూపించింది. "మా ఆయనకు ఈ చేతికి రెండు వేళ్లు లేకుండె, మిషన్ల పడి పోయినయి. అన్నం సుత నేనే కలిపి పెడుతుంటి. దీంట్ల జూడు, అయిదున్నయి."

ఇప్పుడు గ్రూపులో దొంగ ఫోటో వస్తే, పంపినవాళ్లకు అందులో ఏం దొరికిందో ముందు వెతుకుతాను.