సంత్రా కోడి, నా అంగడి నాలుక

1948 అక్టోబరులో, పోలీసు చర్య ముగిసిన కొద్ది వారాలకే, సికింద్రాబాద్ కంటోన్మెంటులోని ఒక ఆఫీసర్స్ మెస్‌లో స్టోర్ కీపరుగా చేరాను. మెస్ అంటే అధికారులందరూ కలిసి భోంచేసే చోటు. దాని బాగోగులు చూసే అధికారిని మెస్ సెక్రటరీ అంటారు. ఆ పని వంతులవారీగా ఒక్కొక్కరి నెత్తిన పడుతుంది. ఆయన కింద మెస్ హవల్దారు, హవల్దారు కింద మాలాంటి సివిలియన్ నౌకర్లు: వంటవాడు, వడ్డించేవాళ్లు, నేను. సరుకు కొనడం, వంటింటికి తూచి ఇవ్వడం, తూచింది ఎటు పోయిందని అడిగితే జవాబు చెప్పడం నా పని.

ఈ ఉద్యోగానికి నాకున్న అర్హత ఒక్కటే. మాది మోండా మార్కెట్ వెనక కిరాణా కొట్టు. నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనమామ, అందరూ అంగళ్లవాళ్లే. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఒక అలవాటు అబ్బుతుంది. కావలసిన వస్తువు కనబడగానే మొహం చిట్లిస్తాడు. తన దగ్గరున్న మంచి వస్తువు మీద ఇంకొకరి కన్ను పడితే, అది మామూలుదే లెండి అని పక్కకు జరుపుతాడు. ఇంటికోసం దాచుకున్న ఖుబానీల, అంటే ఎండు ఆప్రికాట్ల, డబ్బా మీద ఏ గిరాకీ అయినా చెయ్యి వేస్తే, "అవి పురుగు పట్టినయి" అనేవాడు మా నాన్న. ఆ డబ్బాకు పట్టిన పురుగును నేనొక్కణ్ణే.

వంటవాడు ఖాదర్ చాచా. బన్సీలాల్‌పేట మనిషి. యాభై దాటాయి. మొదట తెల్లదొరలకు వండాడు, వాళ్లు పోయాక నిజాం సర్కారు అధికారులకు వండాడు, ఇప్పుడు ఈ కొత్త రెజిమెంటుకు వండుతున్నాడు. మూడు జెండాలు మారినా పొయ్యి అదే. అయితే కొత్తవాళ్లు వచ్చాక పాత నౌకర్లందరినీ తాత్కాలికం అన్నారు. కొత్తగా చేరిన నాతో సహా ఒక్కొక్కరి పేరు మీద కారెక్టర్ రోల్ అనే కాగితం తెరిచారు. అందులో కమాండింగ్ ఆఫీసరు మాట పడ్డాకే మనిషిని ఉంచడమో పంపడమో తేలుతుంది. ఆ నెలల్లో ఖాదర్ చాచాలాంటివాడు మరో వాకిట్లో పని అడగబోతే ముందు పేరు అడిగేవారు. పేరు విన్నాక ఇంకేమీ అడగకుండా పంపేవారు. ఇంట్లో ఐదుగురు తినేవాళ్లున్నారు. ఈ పొయ్యి పోతే ఆయనకు ఇంకో పొయ్యి లేదు.

నేను చేరిన నెలకు మెస్ సెక్రటరీ కెప్టెన్ గారు మా ఇద్దరినీ పిలిచారు. ఆయనది నెల్లూరు వైపు.

"శనివారం డిన్నరుకు మన కమాండింగ్ ఆఫీసరు కర్నల్ గారు వస్తున్నారు. యుద్ధం రోజుల్లో ఎక్కడో విదేశంలో తిన్నారట ఒక కోడి. తియ్యగా ఉండాలి, ఉప్పగా ఉండాలి, పైన అద్దంలా మెరవాలి, పక్కన పండు ఉండాలి. అంతకంటే నాకూ తెలియదయ్యా. ఖాదర్ రోల్ మీద ఆయన రాయవలసింది సోమవారమే."

బయటికి వచ్చాక ఖాదర్ చాచా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తీపి, మెరుపు, పక్కకు పండ్లు. ఏంది సేటూ, వీళ్లకు కావల్సింది కోడా, పెండ్లికూతురా?"

ఇరవై మూడేళ్ల నన్ను ఆయన సేటూ అని పిలిచేది గౌరవానికి కాదు.

మొదట అనాసపండు అనుకున్నాం. ఊళ్లో ఎక్కడా దొరకలేదు. అప్పుడు నేను తెలివి చూపించాను. సీతాఫలాల కాలం కాబట్టి ఒక గంప మొత్తం బేరమాడి గెలుచుకొచ్చాను. ఖాదర్ చాచా గంపను చూసి, "సీతాఫలం మంట తగిల్తె చేదైతది. జెర నా మాట విను" అన్నాడు. గెలిచిన గంప వదులుకోవడం మా వంశంలో లేదు. వేసి చూడమన్నాను. గుజ్జు తీసి బాణలిలో ఉడికించి చెంచా నా చేతికిచ్చాడు.

"ఎట్లున్నది?"

"మందులాగా ఉంది చాచా."

"అయితె దవాఖానకు పంపు."

మిగతా గంపను మూడు రోజులు వంటింటి జనమంతా పచ్చిగానే తిన్నాం.

చివరికి సంత్రాలు, అదే కమలాపండ్లు, ఖాయం చేశాం. మల్కాజ్‌గిరి నుంచి వచ్చి మోండాలో పండ్లు అమ్మే యాదమ్మ దగ్గరికి వెళ్లి, ఇవేం సంత్రాలు, తోలు మందం, లోపల దూది అని షురూ చేశాను.

"గట్లుంటె కింద పెట్టు" అంది యాదమ్మ. "రెండు చేతులల్ల పట్టుకొని తిడ్తున్నవ్. ఇడిసిపెడ్తలేవ్."

శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. వంట నాది కాకపోయినా కళ్లతో చూసిందే చెబుతాను. కోళ్లకు ఉప్పు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి పట్టించి, గాలికి ఆరనిచ్చారు. తోలు తడిగా ఉంటే పూత నిలవదు. సంత్రాలకు తెల్లటి నార ఒలిచి, గింజలు నలగకుండా రసం తీశారు. గింజ నలిగితే చేదు దిగుతుంది. ఆ రసం సగానికి ఇగిరాక బెల్లం, కొంచెం సిర్కా అంటే వెనిగరు, దంచిన ఎండుమిర్చి, ఉప్పు, చివర వెన్న. చెంచా వెనక వేలితో గీస్తే గీత చెరగకుండా నిలవాలి. అదే పూత. కోడిని ముందు ఓవెనులో ముప్పాతిక వంతు కాల్చి, ఆ తర్వాతే పూత రాయాలి. ముందే రాస్తే బెల్లం మాడి నల్లబడుతుంది. ఒక చేయి రాయడం, కాసేపు కాల్చడం, మళ్లీ రాయడం. అలా నాలుగు చేతులు.

నేను మాంసం ముట్టను. కోడి ఛాతీ ఎముక కొస వంచి చూసి లేతదో ముదురుదో చెప్పగలను కానీ రుచి చెప్పలేను. అందుకని పూత కోడికి తగలకముందే నాకో చెంచా ఇవ్వాలని మా ఒప్పందం. చెంచా నాకి, ఇంకో గడ్డ బెల్లం కావాలన్నాను. అక్కర్లేదన్నాడు ఆయన. పోనీ సగం అన్నాను. పావు అన్నాడు.

"పాకానికి సుత బేరమేనా నీకు?" అని పావు గడ్డే వేశాడు. ఆ పావే సరిపోయింది.

ఆ సాయంత్రం పళ్లెంలో కోడి నిజంగానే మెరిసింది. చుట్టూ వెన్నలో ఒక్కసారి తిప్పిన సంత్రా తొనలు, నానబెట్టిన ఖుబానీలు. ఆ ఖుబానీలు మా నాన్న డబ్బాలోవే. కర్నల్ గారు మొత్తం తిని, రెండోసారి వడ్డించమన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ నాకు అక్కడే భయం పట్టుకుంది. కర్నల్ గారి బంగళాలో వంటవాడు లేడని మూడు రోజుల కిందట హవల్దారు చెప్పాడు. మెస్‌లో మంచి వంటవాడు కనబడితే పెద్ద అధికారులు తమ బంగళాకు మార్పించుకోవడం మామూలే.

భోజనం అయ్యాక ఆయన వరండాలోకి వచ్చి నన్ను పిలిచారు. ఈ వంటవాడు ఎలాంటివాడని హిందుస్తానీలో అడిగారు. బుర్ర కంటే ముందు నోరు తెరుచుకుంది. ఈ రోజు ఏదో కుదిరింది సార్, చెయ్యి నిలకడ లేదు, ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు అని చెప్పాను. ఆయన తలూపారు. గిరాకీ కంట పడకుండా మంచి సరుకు దాచేశానని లోపల సంబరపడ్డాను.

ఆ సంబరం పది నిమిషాలు కూడా ఆగలేదు. కెప్టెన్ గారు వచ్చి నన్ను పక్కకు లాగారు.

"ఏమయ్యా, ఏం వాగావు నువ్వు? ఆయన బంగళాకు వంటవాణ్ణి మద్రాసు నుంచి పిలిపించుకున్నారు. నిన్నడిగింది రోల్లో రాయడానికి. రోజూ చూసేది స్టోర్ కీపరు కదా, నిజం చెబుతాడని. నిలకడ లేనివాడైతే సోమవారం లెక్క తేల్చి పంపేయమన్నారు."

ఈ సంగతి ఖాదర్ చాచాకు వేరేవాళ్లు చెప్పేలోగా నేనే చెప్పాలనుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆయన ట్రేకు అంటుకున్న పాకం గీకుతున్నాడు. విన్నాడు. గీకడం ఆపలేదు.

"మంచిగున్నదాన్ని మంచిగున్నదంటె మీ ఇంట్ల పన్ను కట్టాల్నా సేటూ?"

సాయానికి ట్రే పట్టుకోబోతే పక్కకు లాక్కున్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? ఆ దొరకు చెప్పు, పో. ఎట్ల ముడేసినవో గట్లనే ఇప్పు."

కర్నల్ గారు జీపు ఎక్కబోతుండగా పట్టుకున్నాను. చెప్పింది అబద్ధమని, ఆయన్ను మీరు తీసుకుపోతారని భయపడ్డానని, మా అంగట్లో ఇలాగే చేస్తామని, ఖుబానీల డబ్బాతో సహా మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వారు. నవ్వి ఒక ప్రశ్న వేశారు. ఇందాక ధర తగ్గించి చెప్పావు, ఇప్పుడు పెంచి చెబుతున్నావు. దుకాణదారు మాటల్లో నేను దేన్ని నమ్మాలి?

 నా మాట ఏదీ నమ్మకండి, రేపు మధ్యాహ్నం ఇదే కోడి మళ్లీ వండిస్తాం, పళ్లేన్ని నమ్మండి అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. రెండు పూటలా ఒకే రుచి ఉంటేనే నిలకడ ఉన్నట్టు.

ఆదివారం పొద్దున్నే మోండాకు పరుగెత్తాను. యాదమ్మ ఎంత చెబితే అంతకే సరే అన్నాను. ఆమెకు అనుమానం వచ్చి, ఒక సంత్రా ఒలిచి తానే తిని చూసుకుంది.

"ఏమైంది సేటూ, పానం మంచిగ లేదా?"

కొత్తగా వచ్చిన ఆ పండ్లు నిన్నటి కంటే పులుపు. ఖాదర్ చాచా రసం నాలుక మీద వేసుకోగానే ఆ విషయం తెలిసింది. ఒకే రుచి రావాలి, సరుకు మాత్రం ఒకటి కాదు. సిర్కా సీసా పక్కన పెట్టేశాడు. బెల్లం ఇంతని వేళ్లతో చూపించాడు. నేను అంతే తూచి ఇచ్చాను. చెంచా కూడా అడగలేదు.

"నోరు పోయిందా?"

"తాళమేశాను చాచా."

"మంచిగైంది. తాళంచెవి నాకియ్యి."

 రోజంతటిలో ఆయన నాతో సరదాగా అన్నది అదొక్కటే. ఓవెను ముందు నిలబడి నాలుగుసార్లు పూత రాస్తున్నప్పుడు ఆయన చెయ్యి చూశాను. ప్రతిసారీ కుంచె ఒకే మందంలో తిరిగింది. 

కర్నల్ గారు మొదటి ముక్క తిని నీళ్లు తాగారు. రెండో ముక్క తిన్నారు. పండు తిన్నారు. ఆ తర్వాత కెప్టెన్ గారితో ఇంగ్లీషులో ఏదో అంటే బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నాకు ఆ ఇంగ్లీషు అందలేదు. కెప్టెన్ గారు బయటికి వచ్చి చెప్పారు:

"వంటవాడి చెయ్యి నిలకడగానే ఉందిట. నిలకడ లేనిదల్లా స్టోర్ కీపరు నాలుకకేనట."

సోమవారం మా ఇద్దరి కారెక్టర్ రోల్స్‌లోనూ రాతలు పడ్డాయి. ఖాదర్ చాచా రోల్లో, రెండు రోజులు ఒకే వంటకం ఒకే రుచితో చేశాడు, స్థిరంగా ఉంచవచ్చు అని. నా రోల్లో, సరుకు కొనడంలో సమర్థుడు, అభిప్రాయాలు మాత్రం సరిచూసుకోవాలి అని. ఖాదర్ చాచా ఆ మెస్‌లోనే పదవీ విరమణ చేశాడు. నా మీద రాసిన వాక్యం నేను మెస్ మేనేజరు అయ్యేదాకా నా వెంటే వచ్చింది, బదిలీ అయిన ప్రతిచోటా కొత్త అధికారి దాన్ని చదివి నవ్వేవాడు.

ఆ తర్వాత చాలామంది నౌకర్ల మీద నేనే రాయవలసి వచ్చింది. బాగున్నాడు, బాగాలేడు అని ఎప్పుడూ రాయలేదు. ఏ రోజు ఏ పని ఇచ్చాను, అతను ఏం చేశాడు, అంతే రాశాను. సరుకును తక్కువ చేసి మాట్లాడితే నష్టం ఒక బేరంతో పోతుంది. మనిషిని తక్కువ చేసి మాట్లాడేముందు మాత్రం, వినేవాడి చేతిలో కలం ఉందో లేదో చూసుకోవాలి.