ఆఖరి వంతు గ్రే చిలుకది

2022 వేసవి. తిరుపతిలో నేను పక్షుల క్లినిక్ పెట్టిన కొత్త. అలమేలమ్మగారు తువ్వాలు కప్పిన పంజరంతో వచ్చారు. రిటైరైన లెక్కల టీచరు; గుడి కైంకర్యం చేసే ఇల్లు, మడీ ఆచారం గట్టిగా పాటిస్తారు. పంజరంలో ఆఫ్రికన్ గ్రే చిలుక.

"ఈకలు పీక్కుంటా ఉండాదప్పా. మనవరాలు హాస్టలుకు పోయినప్పట్నించి దీనికి దిగులు" అన్నారు.

దిగులుతో ఈకలు పీక్కునే చిలుకలు బోలెడు. సరేననబోయి దాని నెత్తి చూసి ఆగిపోయాను. అక్కడా ఈకల్లేవు. ఏ చిలుకకూ తన ముక్కు తన నెత్తికి అందదు, పంజరంలో ఇది ఒంటరిది. అంటే ఇవి పీకిన ఈకలు కావు, జబ్బుతో రాలినవి.

అనుమానం పీబీఎఫ్‌డీ మీదికి పోయింది. ముక్కునీ ఈకల్నీ పాడుచేసి, రోగాన్ని తట్టుకునే శక్తిని తినేసే వైరస్ జబ్బు. చూసి తేల్చేది కాదు. కాస్త రక్తం, మొలుస్తున్న ఈకలు తీసి పీసీఆర్‌కు, అంటే వైరస్ జన్యువును వెతికే పరీక్షకు పంపాను. ఉందనే వచ్చింది.

"మందుండాదా?"

"లేదమ్మా. మంచి తిండి, వెచ్చదనం, అంతే."

ఆమె కళ్లు తుడుచుకున్నారు. "వరండాలో లవ్‌బర్డ్స్ ఉండాయి. వాటి గతేమప్పా?"

నా భయమూ అదే. ఈకల పొడిలో, రెట్టలో ఉండే వైరస్‌ను మన చేతులే మోసుకెళతాయి. క్వారంటైన్ గురించి, అంటే రోగిని విడిగా ఉంచడం గురించి మొదలుపెట్టాను. అందరూ తలూపుతారు, కొన్నాళ్లకు ఒకే గుడ్డతో అన్ని పంజరాలూ తుడిచేస్తారు. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"మేతా నీళ్లూ బాగుండేవాటికి ముందు, దీనికి ఆఖర్న. దీన్ని ముట్టుకున్నాక తలకు పోసుకోకుండా వాటికాడికి పోరాదు. మడి మాదిరే గదప్పా! దానికింత ఇంగ్లీషెందుకు?"

నవ్వాపుకోలేకపోయాను.

గ్రేను మేడమీది గదికి మార్చారు. దానికి గిన్నెలు వేరు, చీపురు వేరు, ఆ గదిలోకి వెళ్లే చీర కూడా వేరు. చూడటానికి వెళ్లిన నాచేత కాళ్లూ చేతులూ కడిగించి గానీ వరండాలో అడుగు పెట్టనివ్వలేదు. లవ్‌బర్డ్స్‌కు పరీక్ష చేయించాం, నెలల తర్వాత మళ్లీ చేయించాం. ఒక్కదానికీ వైరస్ లేదు. అంత శ్రద్ధ నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

గ్రే చలికాలం దాకా బతికింది. అది పోయాక పలకరించడానికి వెళ్లి అడిగాను, "మేడమీద ఒంటరిగా దిగులు పడలేదా అమ్మా?"

"యాడ దిగులప్పా! దాని వంతు ఆఖరిది గదా, ఆ పైన నాకేం పనుంటాది? అది నిద్రపోయేదాకా ఆడే కూసోని మాట్లాడతా ఉంటి."

క్వారంటైన్ అంటే దూరం పెట్టడమని చదువుకున్నాను. ఇప్పుడు జబ్బుపక్షికి ఆఖరి వంతు ఇమ్మని చెప్పినప్పుడల్లా, ఆ వంతులో తొందర పడకుండా దాని దగ్గర కూర్చోమని కూడా మందుల చీటీలో రాసిస్తున్నాను.