ముందు రాసిన పేరు

నిన్న మనవరాలు సెల్‌ఫోన్‌లో ఇంగ్లీషు పాఠం చూస్తూ, తాతా, ఫార్మర్ అంటే ఎవరు, లాటర్ అంటే ఎవరు అని అడిగితే, ఇద్దరి పేర్లు చెప్పాక ముందు చెప్పినవాడు ఫార్మర్, వెనక చెప్పినవాడు లాటర్ అని తడుముకోకుండా చెప్పాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నేను కోరుట్లలో కొత్తగా మాస్టరుగా చేరిన రోజుల్లో, గల్ఫ్ నుంచి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నా దగ్గరికే తెచ్చేవారు. నాకూ కొమ్ములు మొలిచినట్టుండేది, తెలియదు అనే మాట నోట రానిచ్చేవాణ్ని కాదు. అలా ఒకనాడు కథలాపూర్ దిక్కు నుంచి ఒక ముసలాయన, జగిత్యాల ఫ్యాక్స్ దుకాణంలో దిగిన కాగితం పట్టుకొని వచ్చాడు. ఆయన కొడుకులిద్దరూ దుబాయిలో ఒకే కంపెనీలో పని చేసేవారు. పరంజా కూలి ఇద్దరూ పడ్డారని, ఫార్మర్ చనిపోయాడని, లాటర్ స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడని అందులో ఉంది. ఫార్మర్ అంటే ముందటివాడని ఎక్కడో విన్నాను, అంతే. పెండ్లి పత్రిక నుంచి రేషన్ కార్డు దాకా మన దగ్గర ముందటివాడంటే పెద్దవాడే కదా. కాగితంలో చిన్నవాడి పేరే ముందుందని చూసి కూడా పట్టించుకోక, పెద్దకొడుకు పోయాడని చెప్పేశాను.

పెద్దకోడలు చేతులు గోడకేసి కొట్టుకొని గాజులు పగలగొట్టుకుందట. చిన్నకోడలు మూడు రోజులు ఆమెను ఒళ్లో పెట్టుకొని గంజి తాగించిందట. నాలుగోనాడు, స్పృహ వచ్చిన పెద్దకొడుకే ఫోన్ చేసి, తమ్ముడు పోయాడని ఏడ్చాడు.

పరామర్శకు వెళ్లి, కంపెనీవాళ్లే తప్పు రాశారని అబద్ధమాడాను. అందరూ నమ్మారు. చిన్నకోడలు మాత్రం తల ఎత్తకుండా, "కంపెనోళ్ల తప్పు గాదు సారూ. అక్కను వట్టుకొని ఏడ్సుకుంటనే, నా పెనిమిటి బతికిండని లోపల దేవునికి మొక్కిన. గా పాపమే నాకు తాకింది" అంది.

ఆ పాపం నాదమ్మా అని చెప్పాల్సినవాణ్ని, చెప్పులేసుకొని వచ్చేశాను, సిగ్గులేని బతుకు.

ఇప్పుడు ఇంగ్లీషు కాగితమంటే ఎవరికీ భయం లేదు, ఫోన్ ముందు పెడితే క్షణంలో తెలుగులో చదివిపెడుతుంది. సార్ల గడప ముందు చెప్పులు విడిచి నిలబడే అవసరం తీరిపోయింది, మంచిదే. చిన్నకోడలు ఇప్పుడు ముసలిదైంది. ఆనాటి నుంచి ఏ దేవుడికీ మొక్కని మనిషి, అంగట్లో నేను ఎదురైతే మాత్రం ఇప్పటికీ సారూ అని దండం పెడుతుంది.