కిటికీ ఊచల ఇంజను

ఇమాం సాహెబ్ గారు ఏలూరులో ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీ ఊచలు నిమిరేవారు. కుర్చీ వేసినా, మంచినీళ్ళిచ్చినా, పెళ్ళిభోజనానికి పిలిచినా సరే, ముందు ఊచ పట్టుకుని గోటితో గీకి, "మెత్తని ఇనుమండి, ఎప్పుడైనా పీకేస్తే నాకు కబురు పెట్టండి," అనేవారు. ఆయన వీధిలోకి వస్తున్నారంటే ఇల్లాళ్ళు తలుపులు తెరిచే ఉంచి, కిటికీలు మాత్రం మూసుకునేవారు.

ఆయన మోటారు మెకానిక్కు. ఇంజనులో సిలిండర్ల మీద హెడ్డని ఒక ఇనప మూత ఉంటుంది. లోపల పెట్రోలు మండి పేలుతుంటే ఆ మూత లేచిపోకుండా అదిమిపట్టే మరచువ్వలే స్టడ్లు. లోకమంతా వాటికి మేలైన ఉక్కు వాడుతుంటే, ఈ మహానుభావుడు కిటికీ ఊచలు కోసి, మరలు చెక్కి బిగించేవారు. ఇదేం పనండీ అని అడిగితే, చవగ్గా వస్తాయనేవారు. అంతకుమించి ఇంకో మాట రాబట్టడం బ్రహ్మతరం కాదు. పిసినారితనానికైనా ఒక హద్దుండాలని విశ్వాసమనే డ్రైవరు అనుకునేవాడు. అనుకోవడమే, పైకి అనలేడు. తనకి స్టీరింగు పట్టడం నేర్పిన గురువాయన.

వెంకట్రాజు గారి బస్సు విశ్వాసం నడిపేవాడు, ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో నీలం బస్సొకటి అదే దారిలో పోటీకి దిగింది. ఏ బస్సు ముందొస్తే జనం ఆ బస్సే ఎక్కుతారు. వెంకట్రాజు గారు హెడ్డు అరగదీయించి ఇంజను బలం పెంచమని ఇమాం సాహెబ్ గారికి పురమాయించారు. నీలం బస్సు వెనక దుమ్ము తింటే ఆ సీట్లో ఇంకొకర్ని కూచోబెట్టాల్సి వస్తుందని విశ్వాసానికి మెత్తగానే చెప్పారు. ఇంట్లో భార్య లిడియాకి నెలలు నిండుతున్నాయి.

కొత్త ఇంజను దూకుడు దూకుడుగా ఉంది. కాని మొదటి రోజునే, భీమడోలు దాటాక, మలుపు తిరిగితే ఇరుకు వంతెన అనగా, తిన్నని రోడ్డు అక్కడే దొరుకుతుంది కనక విశ్వాసం పెడలు అదిమేసరికి బస్సులో ఎక్కడో ఆడమనిషి ఏడ్చింది. సన్నగా, సాగదీసి, గొంతు నొక్కుకుని ఏడ్చినట్టు. కొల్లేటి మంచు రోడ్డు మీదికి పాకుతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఏడుస్తున్నవాళ్ళెవరూ లేరు, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. హడలిపోయి కాలు తీశాడు. ఏడుపు ఆగింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ మొదలైంది.

ఆ వంతెన సంగతి తెలియనివాళ్ళు లేరు. అంతకు ముందేడు పందెం వేసుకుని పరుగెత్తిన బస్సొకటి అక్కడే కాలవలో పడి, డ్రైవరు మస్తాన్ పోయాడు. రోజూ అదే బస్సులో వచ్చే ఎండుచేపల పాపమ్మ, మస్తాన్ని పట్టుకుపోయినావిడే ఇప్పుడు విశ్వాసం కోసం వచ్చిందని తేల్చేసింది.

అది మొదలు వంతెన దగ్గర పడుతోందంటే బస్సులో అన్ని మతాలకీ ఒక్కసారే పని తగిలేది. ఒకాయన ఆంజనేయుణ్ణి పిలిచేవాడు, ఇంకొకాయన అల్లాని తలుచుకునేవాడు. పాపమ్మ ఏసుప్రభువుకి ప్రార్థన చేస్తూనే, ఎందుకైనా మంచిదని గంపలోంచి ఒక చేప తీసి కాలవలోకి విసిరేది.

ఇమాం సాహెబ్ గారు రోజూ సాయంత్రం వచ్చి హెడ్డు నట్లు బిగించి పోయేవారు. ఏడుపు సంగతి చెబితే శ్రద్ధగా విని, "నిదానంగా వెళ్ళు బాబూ, ఆవిడకి తొందర పడదేమో," అనేవారు.

నిదానంగా వెళితే నీలం బస్సు ముందుండదూ? వెంకట్రాజు గారు విసిగిపోయి మద్రాసు నుంచి ఉక్కు స్టడ్లు తెప్పించి, కుర్చీ వేసుకుని కూచుని మరీ వేయించారు. మర్నాడు కూడా వెనకబడితే తాళం ఇచ్చేసి వెళ్ళమని విశ్వాసానికి చెప్పేశారు వెంకట్రాజు గారు.

రాత్రే ఖాళీ బస్సుని నిదానంగా తాడేపల్లిగూడెం చేర్చాడు విశ్వాసం. మర్నాడు పొద్దున అక్కణ్ణించి రెండు బస్సులూ ఒక్కసారే కదిలాయి. మంచు ముంచేసింది. వెనక నుంచి నీలం బస్సు హారను కొడుతూనే ఉంది. మలుపు వస్తోంది. విశ్వాసం దేవుడి మీద భారం వేసి పెడలు పూర్తిగా తొక్కాడు. ఇంజను ఏడవలేదు. ఏడవకపోయేసరికి అతనికి ఇంకా భయం వేసింది.

అప్పుడు వినిపించింది. బస్సులో కాదు, ఎదురుగా మంచులోంచి. రోడ్డు పక్కన తెల్లగా, పొడుగ్గా ఒక ఆకారం నిలబడి ఉంది. మొహం ఉండాల్సిన చోట మొహం లేదు, గుండ్రటి నల్లటి నోరొక్కటే ఉంది. అందులోంచే ఆ ఏడుపు వస్తోంది.

పాపమ్మ ఈసారి గంప గంపంతా విసిరేసింది. విశ్వాసం బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు జారి జారి వంతెన అంచున ఆగింది. దాని వెనకే నీలం బస్సుకీ ఆగక తప్పలేదు. వంతెన మీద ఇరుసు విరిగిన చేపల బండి అడ్డంగా ఉంది. దాని కింద ఇద్దరు మనుషులు దూరి ఇరుసు కట్టుకుంటున్నారు.

వాళ్ళని చూశాక విశ్వాసానికి దెయ్యమంటే భయం పోయింది. దిగి తిన్నగా ఆ ఆకారం దగ్గరికి వెళ్ళాడు. ఇమాం సాహెబ్ గారు. తల మీంచి తెల్ల దుప్పటి, నోటికి నూనె పోసే గరాటు. తెల్లవారకుండానే ఏలూరు నుంచి సైకిలు తొక్కుకొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

"చాలండి సాయిబు గారూ, ఆగాను," అంటూ విశ్వాసం గరాటు పట్టుకున్నాడు.

పెద్దాయన ఒగరుస్తూ చెప్పుకొచ్చారు. మెత్తని ఇనుము వేగానికి వెంట్రుకవాసి సాగుతుంది. హెడ్డు లేస్తుంది. సందులోంచి గాలి తన్నుకొచ్చి ఏడుస్తుంది. నిదానిస్తే ఊరుకుంటుంది. సాగినంత మేరా సాయంత్రం ఆయన బిగించేవారు.

"మస్తాన్ బండికి మేలైన ఉక్కే వేశాను బాబూ," అన్నారు. "కాలవలోంచి తీశాక విప్పి చూశాను. ఒక్క స్టడ్డు కూడా సాగలేదు."

విశ్వాసానికి ఏడుపొచ్చింది, ఈ వయసులో ఇంత దూరం సైకిలేమిటని కోపమూ వచ్చింది. ఆ చల్లటి చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఈలోగా రెండు బస్సుల జనమూ భయపడుతూ భయపడుతూ దగ్గరికొచ్చారు. ఇమాం సాహెబ్ గారు గరాటు చటుక్కున వెనక్కి దాచేశారు.

"అది మీకూ కనపడిందా అండీ?" అంది పాపమ్మ.

"కనపడిందమ్మా. మాట్లాడింది కూడాను."

"ఏమందండీ?"

"ఉక్కు పడదంటమ్మా. మెత్తని ఇనుమే కావాలంది."

బస్సు కన్నా ముందు ఆ కబురు ఏలూరు చేరింది. ఇక ఒక్క ప్రాణి ఉక్కు బస్సు ఎక్కితే ఒట్టు. ఆ సాయంత్రమే వెంకట్రాజు గారు మళ్ళీ కుర్చీ వేసుకుని కూచుని, మద్రాసు స్టడ్లు విప్పించి, తాళం విశ్వాసం చేతిలోనే పెట్టారు. ఆయన వెనకాల నీలం బస్సు యజమాని కండువా చేత్తో పట్టుకుని నిలబడి, "మా బండిలో కూడా ఆవిణ్ణి పెట్టండి సాయిబు గారూ," అన్నాడు.