తోసినా గజం గజమే

పాఠక మహాశయులారా! ముందుగా చేతులు జోడించి, తల వంచి, చోటుంటే సాష్టాంగపడి మరీ క్షమాపణ కోరుతున్నాను. బర్మాలో మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో ఎవరైనా పోయినప్పుడు రాసే వ్యాసానికి ఒక పద్ధతుంది. వారి పెద్దలు ఏ ఊరినుంచి ఓడెక్కారు, గుడికి ఎన్నిసార్లు సున్నం వేయించారు, ఎంత శాంతస్వభావులు, ఇవన్నీ వరసగా రావాలి. ఇందులో అవేవీ సరిగ్గా రావు. వాటికి బదులు మనలో ఎవరూ ఆడని, చూసినా అర్థం కాని ఒక అమెరికా ఆట వస్తుంది. ఆ ఆటలో ఒక మగాడి పిరుదుల మీద ఇద్దరు మగాళ్ళు చేతులేసి ముందుకు తోసే ఘట్టం వస్తుంది. అది ధర్మమా, నిషేధించాలా అన్న చర్చ వస్తుంది. ఇంతటి అపచారానికి నన్ను మన్నించండి. మన్నించకపోయినా రాయడం మాత్రం ఆపను.

మా పై అంతస్తు తాత పోయారు.

సోమవారం పొద్దున్న అమ్మ గంజి గిన్నె పట్టుకుని పైకెళ్ళి, అదే గిన్నెతో దిగొచ్చింది. గంజి మీద ఆవిరి ఇంకా లేస్తోంది. "తాత లెగట్లేదురా," అంది. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు చేతుల్లోనే ఉంచుకుంది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మేము చిమిండైంగ్ పేటలో, ఏటి ఒడ్డు బజారుకు రెండు వీధులివతల ఉన్న బిల్డింగ్‌లో మూడో అంతస్తులో ఉంటాం. ఆయన మా నెత్తి మీద నాలుగో అంతస్తు. భార్య పోయాక ఒక్కరే. మన తెలుగువాళ్ళందరికీ తాత, బజారులో బర్మా వాళ్ళకి అఫో. ఆ మాటకీ అర్థం తాతే. లిఫ్టు లేని మా వీధిలో ప్రతి బాల్కనీనుంచీ ఒక తాడు కిందికి వేలాడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కింద క్లిప్పు, పైన గంట. పేపరువాడు పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. తాత తాడు మా బాల్కనీ ముందునుంచే దిగుతుంది. సోమవారం ఏడున్నరకి అది అటూ ఇటూ ఊగిందంటే వార్త కింది వీధికి కాదు, నాకు. ఫోన్ పట్టుకుని పైకి రమ్మని పిలుపు.

ఆ ఫోన్ కథ చెప్పాలి. డిగ్రీ పట్టా పుచ్చుకుని, దేశానికి నా సేవలు అక్కర్లేదని రూఢి చేసుకున్నాక, నేను ఇంట్లో కూర్చుని ఒక ఉద్యోగం సంపాదించాను. ఎక్కడివాళ్ళో ఆటల వీడియోలు పంపుతారు. వాటిలో ఒక్కో ఆటగాడి చుట్టూ గీతలతో పెట్టె గీసి, ఇతను ఫలానా అని గుర్తు పెట్టాలి. అలా నాకు అమెరికా ఫుట్‌బాల్ తగులుకుంది. పేరుకే ఫుట్‌బాల్. బంతిని చేత్తో పట్టుకుని గుద్దుకుంటారు. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు అవకాశాలు. చివర్లో ఒక్క గజమే మిగిలినప్పుడు ఒక జట్టు ఏం చేస్తుందంటే, బంతి పట్టుకున్నవాడు ఎదుటి భీముల మధ్యకి తలదూర్చి వంగుతాడు, వెనకనుంచి ఇద్దరు వాణ్ణి పిరుదుల మీద చేతులేసి తోస్తారు. మొత్తం ఒక కుప్ప. ఆ కుప్ప కదులుతుంది, గజం వచ్చేస్తుంది. మిగతా జట్లు ఇది ఆటే కాదు, ప్రమాదం, నిషేధించండి అని గోల.

నేనూ ఆ గోల పక్షమే. నాకున్న సూత్రం గొప్పదని అనుకోకండి. ఆ కుప్పలో ఎవరి కాలు ఎవరిదో తెలియక, ఇరవై రెండు పెట్టెలు గీయడానికి నా కళ్ళు పోతున్నాయి.

ఒకనాడు చక్కెర కోసం కిందికొచ్చిన తాత నా భుజం మీదుగా ఆ కుప్పని చూశారు. చక్కెర మర్చిపోయారు.

"ఏట్రా ఇది? మళ్ళీ ఎయ్యి."

వేశాను.

"ఓరి గుంటడా, ఇది మా ఇన్సేన్ తోపురా!"

తాత ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనిచేశారు. వాళ్ళ తాత రేవులో బస్తాలు మొయ్యడానికి విశాఖ వైపునుంచి వచ్చినవాడైతే, ఈయన రైలు పెట్టెలు తొయ్యడానికి ఎదిగారు. ఇంజను దొరకనప్పుడు మరమ్మతుకొచ్చిన పెట్టెని షెడ్డులోకి మనుషులే తోసేవారట. డజను మంది భుజాలానిస్తే, ఒకడు పాట చెప్పాలి. ఆ పాట చెప్పేవాడు ఈయన. ఆయన "ఐలేసా" అంటే అందరి బలం ఒక్క క్షణంలో పడాలి. ముందూ వెనకా పడితే పెట్టె కదలదు.

అప్పట్నుంచి చలికాలం సోమవారాలన్నీ ఇలాగే గడిచాయి. అమెరికాలో ఆదివారం రాత్రి ఆట మనకి సోమవారం పొద్దున. కరెంటు ఉంటే టీ, లేకపోతే ముందురోజు ఛార్జి పెట్టుకున్న ఫోనొక్కటే. తాత బాల్కనీలోంచి ఏరు కనిపిస్తుంది, పడవలు అవతలి ఒడ్డుకి వెళుతుంటాయి. ఆయన ఆటంతా చూడరు. స్కోరు అడగరు. "గజం వొస్తే సెప్పు" అని పడవలకేసి చూస్తూ కూర్చుంటారు. గజం వస్తే కుర్చీ ముందుకు లాక్కుంటారు.

"తాతా, ఇది అన్యాయం. వెనక ఇద్దరు తోస్తే ముందోడి గొప్పేముంది?"

"బంతి ఎవుడి సేతిలో ఉంది?"

"వాడి చేతిలోనే."

"మరి గజం ఆడిదే. తోసినా గజం గజమే."

"ఎవడి మెడో విరుగుతుంది, అప్పుడు తెలుస్తుంది."

తాత చొక్కా కుడి భుజం మీదినుంచి జరిపి చూపించారు. అక్కడ ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది. "ఇది తోస్తే ఇరిగింది కాదురా. ఎనకున్నోడు భయపడి ఒగ్గీసినాడు, పెట్టె నా మీదకి వొచ్చీసింది. తోస్తే ఇరగదు. ఒగ్గీస్తే ఇరుగుద్ది."

"అది రైలు పెట్టె, ఇది ఆట."

"సదువుకున్నావు గానీ, నీకు ఏటీ తెల్దు," అనేవారు సంతోషంగా.

నాకేమీ తెలియదన్న మాట నిజమే. తెలిసిన ఆ నాలుగు తెలుగు అక్షరాలూ ఆయన పెట్టినవే. చిన్నప్పుడు మా మెట్ల మీద, పెట్టెలకి గుర్తులు పెట్టే వర్క్‌షాపు సుద్దతో మెట్టుకొక అక్షరం రాసేవారు. వీధి గుమ్మం దగ్గర అ. మా ఇల్లు దాదాపు మ దగ్గర. లెక్క కుదరక ఒకటి రెండు మెట్లు ఖాళీ. ఆఖరి మూడు మెట్లు ళ, క్ష, ఱ. అక్షరం పలికితేనే కాలు పెట్టాలి. వాన జల్లుకి చెరిగిపోతే మళ్ళీ రాసేవారు, నేను కాలేజీకి వెళ్ళాక కూడా. "నీ కోసమేటి, నాకు కాలు పెట్టడానికి గుర్తు" అనేవారు. ఆ ఆఖరి మూడు మెట్లూ మేస్త్రీ ఏ ధ్యాసలో కట్టాడో గానీ, మిగతావాటికంటే బాగా ఎత్తు. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఒకసారి తాత టేపు పెట్టి కొలిచి, మూడూ కలిపి సరిగ్గా గజం ఎత్తని తేల్చారు. ఆ రోజు ఆయన ముఖం చూడాల్సింది. అమెరికా తనకోసమే ఈ ఆట కనిపెట్టిందన్నట్టు నవ్వారు.

ఎండాకాలంలో తాతకి గుండె నొప్పి వచ్చింది. మింగళాడోన్‌లో విమానాశ్రయం పనిలో ఉన్న ఆయన కూతురు, నేను అత్తా అని పిలిచే ఆవిడ, వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళది కింది అంతస్తు ఇల్లు. ఆస్పత్రి దగ్గర.

"నానా, సాలు. నాతో వొచ్చీ."

"ఆ ఇమానాలు నెత్తి మీంచి ఎల్తుంటే నిద్రేటి? అయినా కింది అంతస్తులో తాడుకి పనేటి?"

అత్త ఏడ్చింది, అరిచింది, బర్మీస్‌లో కూడా అరిచింది. చివరికి ఒప్పందం కుదిరింది. తాత ప్రతి సోమవారం ఆరింటికి బజారుకి వెళ్ళొస్తారు. తిరిగొచ్చి మెట్లన్నీ తనంతట తాను ఎక్కగలిగినన్నాళ్ళు ఇక్కడే ఉంటారు. ఎవరైనా చెయ్యేసి ఎక్కించిన రోజున మింగళాడోన్. దీనికి అంపైరుగా సభాసమ్మతితో నన్ను నియమించారు.

"నువ్వు సదువుకున్నోడివి. నాకు అబద్దం సెప్పవు," అంది అత్త.

అలా సోమవారాలు మారాయి. బజారులో తాత చేప మొప్పలెత్తి చూడడం, చేపలమ్మి "అఫో, నిన్నటి చేపని ముట్టుకోవద్దులే, నీకోసం ఇది దాచాను" అని బర్మీస్‌లో వేళాకోళమాడడం, తర్వాత మెట్లు. నేను రెండు మెట్లు వెనక నడిచేవాణ్ణి. పైకి చేరాక అత్తకి ఫోన్ చేసి, గంభీరంగా ఫలితం ప్రకటించేవాణ్ణి. తాత పక్కన నిలబడి, తీర్పు వినే ముద్దాయిలా చెవి ఒగ్గేవారు.

వానలు మొదలయ్యే రోజుల్లో, ఆ తోపుని నిషేధించాలా వద్దా అని అమెరికాలో జట్ల యజమానులు ఓట్లేసుకుంటున్నారని తెలిసింది. తాత రోజూ అడిగేవారు. కేసు తనదే అన్నట్టు. నిషేధం వీగిపోయిందని చదివి వినిపించిన పొద్దున, తాడుకి డబ్బా తగిలించి కిందికి దింపి, రెండు మొహింగాలు తెప్పించారు. చేపల పులుసులో నూడిల్స్ జుర్రుకుంటూ, "మనం గెల్సినాం," అన్నారు.

"మీరు గెలిచారు తాతా. నేను నిషేధం పార్టీ."

"తిను. ఓడినోడికి కూడా పెడతాను."

ఆ వానల్లోనే ఒక సోమవారం తాత ళ దగ్గర ఆగారు. ఒక చేత్తో చేప సంచిని ఛాతీకి హత్తుకుని, రెండో చెయ్యి గోడ మీద. సుద్ద అక్షరం మీద ఒక కాలు పెట్టారు, రెండోది లేవలేదు. ఊపిరి మాత్రం మెట్లన్నిటా వినిపిస్తోంది. వెనక్కి తిరగలేదు.

"నువ్వు కిందికి ఎల్లిపోరా," అన్నారు. "సూడొద్దు."

ఎంతసేపని చెప్పను. బయట వాన. తర్వాత తాత పైనున్నారు. తాళం చెవి తలుపులో తిరిగింది. నేను ఫోన్ చేశాను.

"ఎక్కీనారా?"

"ఎక్కారత్తా."

"ఆయనేనా?"

"ఆయనే."

అమెరికాలో ఆట మళ్ళీ మొదలయ్యాక తాత పోయారు. సోమవారం, బజారు వేళకి ముందే, తన మంచం మీద, ఏటివైపు తలుపు తీసి ఉండగా. మింగళాడోన్‌లో ఉంటే, ఆస్పత్రి దగ్గర ఉంటే, ఇంకొన్నాళ్ళు ఉండేవారేమో. ఈ మాట ఎవరూ నాతో అనలేదు. నేనే అనుకుంటాను, సోమవారాలు ఎక్కువగా.

ఆయన్ని కిందికి దించేటప్పుడు ఆ మూడు మెట్ల దగ్గర నలుగురం చాలలేదు. కింది అంతస్తు బర్మా కుర్రాళ్ళు వచ్చి చేతులేశారు. అత్త గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. "ఆకరి వారం వరకూ ఈ మెట్లు మా నాన ఒక్కరే ఎక్కీనారు. ఎవరి సెయ్యీ పడలేదు." నా వైపు చూసి, "అడగండి, ఈడే సాచ్చెం," అంది. అందరూ నన్ను చూశారు. నేను తలూపాను.

ఇప్పుడు మెట్లెక్కుతుంటే ళ సగం ఉంది. క్ష మీద ఎవరిదో చెప్పు అచ్చు పడింది. ఱ ఒక్కటి శుభ్రంగా ఉంది, ఆ మెట్టు మీదికి ఎవరూ వెళ్ళడం లేదు కనుక. నా దగ్గర తాత సుద్ద ముక్క ఉంది. తిరగరాద్దామని రెండుసార్లు వెళ్ళి, ఆయన ళ వంకర నాకు రాక వచ్చేశాను. తాడు ఇంకా వేలాడుతోంది. గాలికి ఊగినప్పుడల్లా నా చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. ఆటలో గజం ఘట్టం వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో తెలియదు. పెట్టెలు మాత్రం శ్రద్ధగా గీస్తున్నాను. వెనకనుంచి తోసేవాళ్ళ పెట్టెలు ముందు గీస్తున్నాను.

పైన వేడుకున్న క్షమాపణ ఉత్తిదే, ఇంతసేపు భరించిన మీకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. చెప్పాల్సింది ఒకటుంది. అత్తకి తెలుగు చదవడం రాదు. దీన్ని ఎవరో ఒకరు ఆమెకి చదివి వినిపిస్తారు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

ఆ వాన రోజున నేను కిందికి వెళ్ళలేదు. తాత గోడ వైపు తిరిగి, ఎవరికీ కాకుండా, చాలా మెల్లగా "ఐలేసా" అన్నారు. నేను పైకెక్కి ఆయన నడుం కింద రెండు చేతులూ ఆనించాను. చొక్కా తడిసి ఉంది, లోపల ఎముకలు వేడిగా ఉన్నాయి. ఆయన పాట చెప్పారు, నేను తోశాను. ళ. క్ష. ఱ. తలుపు దగ్గర, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఎవుడైనా తోసినాడేట్రా?"

"లేదు తాతా."

"సంచి నా సేతిలోనే ఉంది. గజం నాదే."

అత్తా, తోసింది నేనే. ఆ ఒక్క సోమవారమే కాదు, ఆ తర్వాత ప్రతి సోమవారం. ఒక్కసారి కూడా ఒగ్గీలేదు.