ఓబులమ్మక్క ఎక్కిన రైలు

ఈ అరబ్బు దేశంలో నేనుండే రిగ్గై పేటలో, మా భవనం కింద ఒక ఇస్త్రీ అంగడి ఉంది. పొద్దున పనికి బయలుదేరి మెట్లు దిగేసరికి, లోపల బుస్సుమని లేచిన ఆవిరి తలుపు సందులోంచి వచ్చి నా ముఖానికి తగులుతుంది. తడి, వేడి ఇనుము, కాస్త మాడిన వాసన. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా అడుగు ఒక్క క్షణం ఆగుతుంది. నాకు గుర్తొచ్చేది బట్టలు కాదు. వఫ్రా పొలాల మధ్య ఒక చిన్న ఆవిరి రైలు, కిటికీలు లేని దాని పెట్టెలో మొదటి బల్ల మీద వీపు ఆనించుకుని కూర్చున్న ఓబులమ్మక్క.

ఇక్కడే సల్వా పేటలో, నేను నూరా అనే పాపను చూసుకునే పనికి చేరిన ఇంట్లో ఆమె వంట చేసేది. నాది రాయచోటి, ఆమెది ములకలచెరువు. ఆమె ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, అంతకు ముందున్న వంటామె పేరు లక్ష్మి కాబట్టి ఈమెనూ లక్ష్మి అనే పిలిచారట. ఓబులమ్మక్క పలకలేదు. ఇంటి యజమానురాలిని మేమంతా మామా అంటాం. ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు పిలిచినా అక్క ఉల్లిగడ్డలు తరుగుతూనే ఉందట. చెవుడా నీకు అని అడిగితే, "లేదు మామా, ఆ లక్ష్మి ఎవరో ఇంకా పలకలేదేమని చూస్తాండా" అందట. రెండు వారాలు తిరగకముందే ఇల్లంతా ఆమెను ఓబులమ్మ అని పిలవడం నేర్చుకుంది. ఈ సంగతి నాకు చెప్పి, "మా నాయన పెట్టిన పేరు పాపా. ఇమానం ఎక్కేటప్పుడు మర్చిపోయి వచ్చినానా ఏంది" అంది. నేను అప్పటికి ఎవరు గదిలోకి వచ్చినా ఉలిక్కిపడి లేచే పిల్లను. ఆమె మాట్లాడే తీరు చూస్తే నాకు భయం వేసేది. ఆ భయంలోనే ఏదో ఇష్టం కూడా ఉండేది.

బియ్యం కడుగుతూ ఆమె తన ఊరి రైలు గురించి చెప్పేది. చిన్నప్పుడు వాళ్ల స్టేషనులో సన్న పట్టాల మీద బొగ్గు ఇంజను నడిచేదట. సీతాఫలాల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె ప్రతి పెట్టె దగ్గరికీ పరిగెత్తేది. "లోపల కూసున్నోళ్లు చెయ్యి బయటపెట్టి బేరమాడేవాళ్లు. నాకేమో ఆ పక్కనుంచి ఈ పక్కకు చూడాలని ఆశ. ఒకసారి ఎక్కి కూసుంటే టీసీ రెక్క పట్టుకోని కిందికి ఈడ్చినాడు" అని నవ్వేది. తర్వాత పట్టాలు వెడల్పు చేశారు, పాత ఇంజను పోయింది. పెద్ద రైలు ఎక్కావు కదా అక్కా అంటే, "ఎక్కినా. నేను ఎక్కాలనుకున్న రైలు అది కాదు" అనేది.

ఒక చలికాలం శుక్రవారం మామా వాళ్ల అక్కచెల్లెళ్లంతా కలిసి వఫ్రాకు బయలుదేరారు. అక్కడ ఎవరో ఆసామి పాత ఆవిరి ఇంజనొకటి విదేశం నుంచి తెప్పించి, తన ఖర్జూర తోట చుట్టూ సన్న పట్టాలు వేయించి, సెలవు రోజుల్లో జనాన్ని తిప్పుతున్నాడని విన్నారు. శుక్రవారం ఓబులమ్మక్కకు సెలవు. అయినా చుట్టాలు వస్తున్నారు, నువ్వుంటే బాగుంటుందని మామా అడిగితే సరేనంది. తెల్లవారకముందే లేచి మచ్బూస్, అంటే వాళ్ల మాంసపు అన్నం, వండింది. కారు దిగగానే పొగ కనిపించింది. ఆకుపచ్చ ఇంజను, మనిషి ఎత్తు కూడా ఉందో లేదో, పళ్లు నూరుతున్నట్టు శబ్దం చేస్తూ నిలబడి ఉంది. ఓబులమ్మక్క చేతిలోని గిన్నె కింద పెట్టి దాని దగ్గరికి నడిచింది. ఇంజను పొట్ట మీద చెయ్యి పెట్టబోయి వేడి తగిలి వెనక్కి తీసుకుంది.

అందరికీ టిక్కెట్లు కొన్నారు. నూరాను పట్టుకోవడానికి నాకూ ఒకటి. ఓబులమ్మక్క చాపల దగ్గర ఉండాలి, తిండికి కాపలా. ఆమె వెళ్లి తన డబ్బుతో తానే టిక్కెట్టు కొనుక్కుని, మొదటి పెట్టె ఎక్కి మొదటి బల్ల మీద కూర్చుంది. మామా చెల్లెలు ఆమె ఎదురుగా నిలబడి, ఇది కుటుంబాలు కూర్చునే చోటు, పనివాళ్లది కాదని అరబ్బీలో అంది. టిక్కెట్ల మనిషి మామా ముఖం చూశాడు. మామా ముఖం ఎర్రబడింది.

"ఓబులమ్మ, దిగు. వంట దగ్గర ఎవరుంటారు?"

"వంట అయిపోయింది మామా, మూత పెట్టినా. ఈపొద్దు నా సెలవు. నువ్వు అడిగినావని వచ్చినా. నీ పని చేసినా, ఖలాస్. ఇప్పుడు రైలెక్కినా."

"దిగకపోతే నా ఇంట్లో నీకు పని లేదు."

అక్క టిక్కెట్టును చీర కొంగున ముడివేసుకుంది. మామా నా వైపు తిరిగి, ఆమెను దింపమంది. ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాగితం, మా అమ్మ మందులు, తమ్ముడి చదువు, అన్నీ ఆ ఇంటి మీదే ఆధారపడి ఉన్నాయి. నూరా నా చెయ్యి లాగి రైలు వెళ్లిపోతుందని ఏడుపు మొదలుపెట్టింది. నేను పాపను ఎత్తుకుని ఎక్కాను. ఎక్కి, ఓబులమ్మక్కను దింపలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది, అంతే.

ఇంజను కూత పెట్టింది. బొగ్గు నలుసులు కళ్లల్లో పడ్డాయి. ఖర్జూరపు చెట్లు, నీళ్ల తొట్లు, దూరంగా ఒంటెలు, విద్యుత్ తీగలు వెనక్కి కదిలాయి. తోట మలుపు తిరిగాక ఓబులమ్మక్క నోరు విప్పింది. పాడినట్టుగా, పెద్ద గొంతుతో. "ముదిగుబ్బా... కదిరీ... తనకల్లూ... ములకలచెరువూ... సీతాఫలాలో, సీతాఫలాల్." నూరా ఏడుపు మరిచి ఆమె నోటినే చూసింది. తర్వాత తనూ అరిచింది, "సీతాఫలాల్." వెనకున్న పిల్లలంతా అందుకున్నారు. తోటంతా ఎవరికీ అర్థం కాని సీతాఫలాలతో మోగింది. అక్క ఈ పక్కనుంచీ చూసింది, ఆ పక్కనుంచీ చూసింది. కళ్లు కారుతుంటే బొగ్గు పడిందని అంది.

మామా మనసు రాయి కాదు. మరునాడు ఆమెను పిలిచి, మా చెల్లెళ్ల ముందు ఒక్కమాట తప్పయిందని చెప్పు, అంతా మరిచిపోదాం అంది. ఓబులమ్మక్క నింపాదిగా చేతులు తుడుచుకుంది. "గిన్నె పగలగొడితే తప్పయిందని చెప్తా మామా. కూసున్నందుకు చెప్పను. దానికి చెప్తే ఇంగ జీవితమంతా చెప్తానే ఉండాల." ఆ నెలలోనే ఆమెను ఊరికి పంపేశారు. విమానాశ్రయానికి వెళ్లే కారు దగ్గర నేను ఏడిస్తే, "నేను ఓడిపోయి పోతాండాననుకుంటివా పాపా? ఎక్కి పోతాండా" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఇప్పుడు ములకలచెరువులో కోడళ్లతో కలిసి దోసెల అంగడి నడుపుతోంది. ఫోను చేస్తే, పనిలో ఉన్నా తర్వాత చెయ్యి అంటుంది.

ఆమె వెళ్లిన వారానికి నేను నూరాకు తల దువ్వుతుండగా మామా వచ్చి నిలబడింది. "నువ్వు కూడా ఆ రోజు కూర్చున్నావు" అంది. "అవును మామా" అన్నాను. తప్పయిందనలేదు. నేను దువ్వెన ఆపలేదు. ఆపై నెల నుంచి నాకూ శుక్రవారం సెలవు దొరికింది. అడిగి తీసుకున్నాను.

తర్వాత కఫీల్‌ను, అంటే నా ఇఖామాకు పూచీ ఉండే యజమానిని, మార్చుకున్నాను, ఇప్పుడు పిల్లల బడిలో పని చేస్తున్నాను. నా స్థానం ఎక్కడో నాకు చూపించేవాళ్లు ఇక్కడ ఇంకా తక్కువేం లేరు. ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవను. ఎందుకని అడుగుతాను. జవాబు సరైనదైతే లేస్తాను. చాలాసార్లు లేవాల్సిన అవసరం రాలేదు.