మస్తాన్ అన్న ఇంటి కింద మట్టి

ఆదోనిలో మేం ఇల్లు కట్టబోయే స్థలంలో ఈ రోజు మట్టి పరీక్ష చేయించాం. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, బరువైన సుత్తిని ఎత్తి వదులుతూ, గొట్టం నేలలోకి ఎంత తేలిగ్గా దిగుతోందో చూస్తున్నాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఇంజనీరు. ఆ చప్పుడుకు పక్కింటి మస్తాన్ అన్న విసురుగా వచ్చాడు.

"ఏందమ్మా, మా బోరు పక్కనే బోరేస్తాండావు? మా నీళ్లన్నీ లాగేస్తావా?"

"బోరు కాదన్నా. ఈ నేల ఇంటి బరువు మోస్తుందో లేదో చూస్తున్నారు."

ఆయన శాంతించి, అందరికీ టీ తెప్పించాడు. సగం తాగేసరికి ఇంజనీరు పెదవి విరిచాడు. "అంతా మెత్తటి నల్లరేగడి మేడమ్. పునాది బాగా లోతుకు పోవాల."

మస్తాన్ అన్న తన ఇంటి వైపు చూశాడు. పోయిన ఏడాదే పై అంతస్తు వేశాడు.

"ఏమప్పా, ఈ రేగడి గోడ కాడికి ఆగిపోతాదా, మా కిందికీ వచ్చింటాదా?"

ఇంజనీరు టీ బాగుందన్నాడు.

సాయంత్రం మస్తాన్ అన్న మళ్లీ వచ్చాడు. "మా వాకిట్లో కూడా ఒకసారి కొట్టిచ్చమ్మా."

"మెత్తగా ఉందంటే ఏం చేస్తావన్నా?"

"అందుకే, బాగుందని సెప్పే ఇంజనీరును పిలువు."

బోరు కాదని నిజం చెప్పి మంచే చేశానో, ఆయన నిద్ర చెడగొట్టానో నాకింకా తేలడం లేదు. మీరైతే ఏ ఇంజనీరును పిలుస్తారు?